వల కోస్తే ఎంత వస్తుంది? ఒకే ముగింపును మూడుసార్లు రాసిన అనుభవం

"అక్కా, వల కోస్తే ఎంత వస్తుంది?"

మా ఆటను మొదటిసారి బయటివాళ్ల చేతికిచ్చిన రోజు, మధురవాడలోని మా ఫ్లాట్‌లో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఫోన్ మీంచి తలెత్తకుండా అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు అతని స్క్రీన్ మీద నడిసముద్రం ఉంది. గాలి పెరుగుతోంది. వైర్‌లెస్ సెట్‌లో పక్క బోటు నడిపే సరంగు గొంతు వినిపిస్తోంది. ఇంజను గదిలోకి నీళ్లొచ్చేశాయి, ఆరుగురం ఉన్నాం, త్వరగా రండి అంటున్నాడు. ఆటగాడి బోటు వల అప్పటికే నీళ్లలో ఉంది. వల పైకి లాక్కుని వెళ్లాలంటే గంటన్నర పడుతుంది. తాడు కోసేసి వెళ్తే పావుగంట. కోస్తే నాలుగు లక్షల వల సముద్రం పాలవుతుంది, అదీ షావుకారు దగ్గర అప్పు చేసి కొన్న వల. స్క్రీన్ మీద రెండే మాటలున్నాయి: "తాడు కొయ్యి", "వల లాగు".

ఆ సీను కోసం నేను రెండు నెలలు కూర్చున్నాను. ఆ కుర్రాడు మాత్రం ధర అడిగాడు. తప్పు అతనిది కాదు. స్క్రీన్ పైమూల "ధర్మం: 40" అని మేమే రాసిపెట్టాం. అంకె కనబడితే ఎవరైనా లెక్కే అడుగుతారు.

రోల్ ప్లేయింగ్ గేమ్‌లో, అంటే మనమే ఒక పాత్రగా మారి నిర్ణయాలు తీసుకుంటూ ఆడే ఆటలో, ఆటగాడు మంచి పని చేస్తే చివర్లో అతనికి మంచి జరిగి తీరాలా? జరగకపోతే మనం అతన్ని మోసం చేసినట్టా? ఈ ప్రశ్నకు మేం మూడు జవాబులు రాశాం. మొదటి రెండూ దెబ్బతిన్నాయి. అవి ఎలా దెబ్బతిన్నాయో, మూడోది ఎందుకు నిలబడిందో, అందులోనూ నాకింకా తేలనిది ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. తెలుగులో ఆటలు రాయాలనుకునేవాళ్లు ఒకరిద్దరు చదివినా చాలు.

మేం నలుగురం. కోడ్ రాసే అబ్బాయి, బొమ్మలేసే అమ్మాయి, సాయంత్రాలు వచ్చి సౌండ్ చూసిపెట్టే ఒకాయన, కథ రాసే నేను. ఆట యూనిటీ అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. కథంతా ఇంక్ అనే స్క్రిప్టు భాషలో ఉంటుంది. ఇంకిల్ అనే బ్రిటిష్ స్టూడియో తన ఆటల కోసం తయారుచేసుకుని 2016లో దాన్ని అందరికీ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేసింది. మాలాంటి చిన్న టీములకి అది పెద్ద ఆసరా. ఆటగాడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు సరంగు. కథ ఒక ఏడాది నడుస్తుంది. వేట, అప్పు, వాయుగుండం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం, మళ్లీ వేట. కత్తులూ మంత్రాలూ లేవు. డీజిల్, ఐసు, కళాసీల వాటాలు, షావుకారు బాకీ, వీటితోనే ఆట.

మొదటి ముగింపు

మొదటి వెర్షన్‌లో తాడు కోస్తే ధర్మం 10 పెరిగేది. ఇలాంటి సందర్భాలు ఏడాది పొడవునా ఇంకా ఉన్నాయి. మొత్తం 80 దాటితే ఊళ్లో సన్మానం, మెడ నిండా దండలు, కొత్త బోటు, కూతురి పెళ్లి. 40 కన్నా కిందికి దిగితే కళాసీలు ఒక్కొక్కరే మానేస్తారు, ఆఖరికి బోటు మునుగుతుంది.

ఎందుకలా రాశామో దాచుకోకుండా చెప్పాలి. ఒక కారణం నమ్మకం. మంచికి మంచి జరగాలని నేను చిన్నప్పటి నుంచీ విన్న కథలన్నీ చెప్పాయి. రెండో కారణం డబ్బు. రెండేసి దారులున్న నిర్ణయాలు పది పెట్టి ప్రతిదానికీ కథ విడిగా రాసుకుంటూ పోతే 1024 ముగింపులు రాయాలి. నలుగురు కాదు, నాలుగొందల మందికీ సాధ్యం కాని పని. అందుకే అందరూ ఒక మీటరు పెడతారు. ఆటగాడు ఏం చేసినా ఆ మీటరులో కలిపెయ్యడం, చివర్లో అంకె చూసి మూడు ముగింపుల్లో ఒకటి చూపించడం. ధర్మం మీటరు అన్నది నీతి గురించిన ఆలోచనలా కనిపిస్తుంది గాని, చాలాసార్లు అది ఖర్చు తగ్గించుకునే పద్ధతి. ఈ సంగతి మా పనిలో ఎవరూ గట్టిగా చెప్పరు.

టెస్టులో ఏం జరిగిందంటే, దాదాపు అందరూ కోశారు. నేను సంబరపడ్డాను. తర్వాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎందుకు కోశారని అడిగితే, "ఆట అదే కావాలంటోంది కదా" అన్నారు. ఒకతను ముందు కొయ్యలేదు. ధర్మం తగ్గడం చూసి వెనక్కి వెళ్లి, సేవ్ ఫైల్ తెరిచి, మళ్లీ వచ్చి కోశాడు. నీళ్లలో ఉన్న ఆరుగురి మొహాలు అతను రెండోసారి చూడనే లేదు, గబగబా స్కిప్ చేశాడు. దండల సీను వచ్చినప్పుడు నవ్వుతూ, "అయిపోయిందా?" అన్నాడు. ఆధార్ అప్‌డేట్ అయిపోయినప్పుడు అడిగినట్టు.

ఇది మాకొక్కళ్లకే ఎదురైన సమస్య కాదని నాకు తెలుసు. మాస్ ఎఫెక్ట్ ఆటల్లో పనిచేసిన ఒక డిజైనర్ 2020లో చెప్పిన లెక్క ప్రకారం, ఆటగాళ్లలో దాదాపు 92 శాతం మంది పారగాన్ దారే, అంటే మంచివాడి దారే పట్టారట. చెడ్డదారి కోసం కూడా తాము అంతే కష్టపడ్డామని ఆయన బాధ. బయోషాక్ (2007) అచ్చంగా రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు గాని, మా కోడర్ ఒక రోజు కాగితం మీద దాని లెక్క వేసి చూపించాడు. అందులో చిన్నపిల్లని చంపితే 160 ఆడమ్ (ఆటలో శక్తులు కొనుక్కునే సరుకు) వస్తుంది, కాపాడితే 80. కాని ముగ్గురిని కాపాడితే 200 కానుకగా వస్తుంది. ముగ్గుర్నీ చంపితే 480, ముగ్గుర్నీ కాపాడితే 440, పైగా మంచి ముగింపు. "త్యాగం విలువ 40 అక్కా" అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను రాసింది అంతకన్నా హీనం. మా ఆటలో త్యాగానికి లాభమే వస్తోంది.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వెయ్యడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, బొమ్మలేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి వేయించారు. కొన్నాళ్లకు చూస్తే ఆ పిల్లలకే బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి తగ్గలేదు. ముందే ధర చెప్పడం దగ్గరే తేడా వచ్చిందన్నమాట. మా దండల సీను కన్నా పైమూలనున్న ఆ అంకె ఎక్కువ చెడగొట్టిందని నాకు అర్థమైంది ఇది చదివాకే.

ఈ విషయం ఎప్పుడో పట్టుకున్న ఆట ఒకటుంది. రిచర్డ్ గారియట్ 1985లో తెచ్చిన అల్టిమా 4. అందులో చంపాల్సిన రాక్షసుడు చివర్లో లేడు. ఎనిమిది సద్గుణాల్లో నిలబడటమే ఆట. మూలికలమ్మే చూపులేని అంగడివాళ్లు ఉంటారు. సరుకు తీసుకున్నాక ఎంతిచ్చావో నువ్వే చెప్పాలి. తక్కువిచ్చినా వాళ్లకి కనబడదు. ఆట ఏ అంకే చూపించదు, గంట మోగించదు. కాని లోపల రాసుకుంటుంది. చాలా రోజుల తర్వాత కోటలో ఉండే జ్ఞాని దగ్గరికి వెళ్లి, నిజాయితీలో నేనెక్కడున్నాను అని అడిగితే అప్పుడు తెలుస్తుంది. ఆ అంగడి ముందు, నాణేలు లెక్కపెడుతూ, ఎవరూ చూడటం లేదని తెలిసి ఆగే ఆ క్షణం నాకు చాలా ఇష్టం. నలభై ఏళ్ల నాటి ఆ ఆట దగ్గర నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను.

రెండో ముగింపు

మీటరు పీకేశాం. అక్కడితో ఆగితే బాగుండేది. దండల మీద కోపంతో నేను రెండో కొసకి పోయాను.

రెండో వెర్షన్‌లో తాడు కోసి ఆరుగురినీ ఒడ్డుకి చేరిస్తే, వాళ్లు వెళ్లిపోతారు. మళ్లీ కనబడరు. షావుకారు వాయిదా అడుగుతాడు. వల లేదు కాబట్టి వేట లేదు. నిషేధం రోజులు గడిచేసరికి బోటు చేతులు మారుతుంది. చివరి సీనులో ఆటగాడు జెట్టీ మీద నిలబడి తన బోటును వేరేవాళ్లు బయటికి తీసుకెళ్తుంటే చూస్తాడు. తర్వాత స్క్రీన్ నల్లబడుతుంది. నిజం రాశానని నాకు గర్వంగా ఉండేది. జీవితంలో ఇంతే కదా అని టీములో అందరితో వాదించాను.

టెస్టుకి వచ్చినవాళ్లలో పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. మనవడి వెంట వచ్చారు. ఓపిగ్గా, కళ్లజోడు సర్దుకుంటూ మొత్తం ఆడారు. నల్ల స్క్రీన్ వచ్చాక ఫోన్‌ని టేబుల్ మీద బోర్లా పెట్టి, "ఇంతకీ ఆ గుంటలు బతికారా అమ్మా?" అని అడిగారు. ఆరుగురినీ బోటులోకి లాగారు కదండీ అన్నాను. "లాగేను. ఆ తర్వాత?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను రాయలేదు. బోటు పోయిందని ఆయన ఒక్క ముక్క కూడా అనలేదు.

అదే రోజు ఒక స్కూలు టీచర్ గట్టిగానే అన్నారు. "మా క్లాసు పిల్లలకి ఇది ఇస్తే ఏం నేర్చుకుంటారు? సాయం చేస్తే మునుగుతావు అనే కదా. మొదటిదాంట్లో మంచికి బహుమతి పెట్టారు, ఇందులో జరిమానా పెట్టారు. రెండింటిలోనూ లెక్క ఉంది కదండీ."

నేను అప్పుడు ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక ఒప్పుకున్నాను. జీవితం అలాగే ఉంటుందన్న నా వాదనలో ఒక దొంగతనం ఉంది. జీవితం ఏదీ నల్ల స్క్రీన్‌తో ఆపదు. ఎక్కడ ఆపాలో నేను ఎంచుకున్నాను, అదీ అన్నిటికన్నా చీకటిగా ఉన్న చోట.

మాస్ ఎఫెక్ట్ 3 ముగింపు మీద 2012లో ఆటగాళ్లు ఎంత గొడవ చేశారో ఆటలాడేవాళ్లందరికీ గుర్తుంటుంది. హీరోకి సుఖాంతం ఇవ్వలేదని ఏడుస్తున్నారని చాలామంది వాళ్లని చిన్నచూపు చూశారు. నేనూ చూశాను. ఇప్పుడు వాళ్ల మాటలు మళ్లీ చదివితే ఎక్కువ మంది అడిగింది వేరు. మూడు ఆటలుగా మేం కాపాడినవాళ్లు, వదిలేసినవాళ్లు ఏమయ్యారు అని. ఆ జూన్‌లో దాన్ని తయారుచేసిన బయోవేర్ స్టూడియో ఉచితంగా ఇచ్చిన ఎక్స్‌టెండెడ్ కట్ (పొడిగించిన ముగింపు) కూడా ముఖ్యంగా ఆ ఖాళీలనే పూరించింది. 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే ఆట వచ్చిన కొన్ని నెలలకి ఐదో ప్యాచ్‌లో, అంటే అప్‌డేట్‌లో, ఒక కొత్త చివరి అధ్యాయం చేర్చారు. అందులో నిధులేం లేవు. ఆరు నెలల తర్వాత పాత తోడువాళ్లంతా ఒకచోట కలిసి కూర్చుంటారు, అంతే. జనానికి కావాల్సింది అదే అయింది.

ఫాలౌట్ (1997) అనే ఆట సంగతి ఇంకా గట్టిది. తన జనం దాహం తీర్చి, శత్రువుని అంతం చేసి, హీరో తన వాల్ట్ (అణుయుద్ధం నుంచి జనం తలదాచుకున్న భూగర్భ ఆశ్రయం) తలుపు దగ్గరికి తిరిగొస్తాడు. అక్కడి పెద్ద లోపలికి రానివ్వడు. నువ్వు బయట ఉండి మారిపోయావు, నిన్ను చూసి పిల్లలు కూడా బయటికి పోతామంటారు, వెళ్లిపో అంటాడు. ఇంతకన్నా చేదు ముగింపు ఉంటుందా? అయినా ఆడినవాళ్లు మోసపోయామనుకోలేదు. ఎందుకంటే దానికి ముందు, నువ్వు అడుగుపెట్టిన ఊళ్లు ఒక్కొక్కటీ తర్వాత ఏమయ్యాయో ఆట నీకు చెప్పి ఉంటుంది. హీరోకి ఏమీ దక్కలేదు, అతను చేసినవాటన్నిటికీ జవాబు మాత్రం దొరికింది.

పోర్టు పెద్దాయన అడిగిన "ఆ తర్వాత?" అదే. బహుమతి వేరు, జవాబు వేరు. ఇంతకాలం నేను రెండూ ఒకటే అనుకున్నాను.

కాటి సీను

మా అమ్మమ్మ ఊరు భీమిలి అవతల. చిన్నప్పుడు అక్కడ హరిశ్చంద్ర నాటకం తెల్లవార్లూ చూశాను. కాటి సీను కోసం జనం చాపలు పరుచుకుని నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లు. పద్యం పద్యానికీ వన్స్ మోర్. చంద్రమతి కొడుకు శవంతో వస్తుంది, కాటికాపరి సుంకం అడుగుతాడు. ఆ తర్వాత దేవతలు వచ్చి, పరీక్ష అయిపోయిందని చెప్పి, రాజ్యం తిరిగిచ్చే దగ్గర సగం మంది చాపలు చుట్టేస్తూ ఉండేవాళ్లు. కిరీటం మళ్లీ పెట్టారా లేదా అని ఎవరూ చూసేవాళ్లు కాదు.

అయితే లోహితాస్యుడు లేచి కూర్చునేదాకా ఒక్కరూ కదిలేవాళ్లు కాదు. అమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకునేది అప్పుడే. ఆ పిల్లాడు లేవకుండా తెర దించితే ఆ ఊరివాళ్లు ఊరుకునేవాళ్లు కాదనుకుంటాను. రాజ్యం బహుమతి, పిల్లాడు జవాబు. ఇంకొక విషయం కూడా ఉంది. అది పరీక్షని హరిశ్చంద్రుడికి తెలియదు. తెలిసి ఉంటే కాటి సీనులో ఏమీ మిగలదు. స్క్రీన్ పైమూల "సత్యం: 90" అని కనబడుతున్న హరిశ్చంద్రుణ్ణి ఊహించుకుని నా మొదటి వెర్షన్ మొత్తం డిలీట్ చేశాను.

హార్బర్ దగ్గర

మూడోసారి రాయడానికి ముందు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. అంతకుముందూ చాలాసార్లు వెళ్లాను, ఫోటోల కోసం, బోట్ల కొలతల కోసం. ఈసారి ఒక పాత సరంగు పక్కన కూర్చున్నాను. నిషేధం రోజులు. బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. ఆయన నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. చినిగిన చోటుని కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి పట్టుకుని, సూదితో కన్ను తర్వాత కన్ను అల్లుకుంటూ పోతున్నారు. ఆ వేలి సందున ఏళ్ల తరబడి నైలాన్ దారం కోసిన గీత, నల్లగా, లోతుగా ఉంది.

మా ఆటలో సీను చెప్పి, మీరెప్పుడైనా ఇలా ఎవరినైనా లాగారా అని అడిగాను.

"లాగేం. మమ్మల్నీ లాగేరు."

"మీరు లాగినవాళ్లు తర్వాత ఏమైనా ఇచ్చారా?"

ఆయన సూది ఆపారు. "ఏటిత్తారమ్మా? ఆళ్లకాడేటుంది?"

"పోనీ, మళ్లీ మీకు కష్టమొస్తే వాళ్లే వచ్చారా?"

"మనం లాగినోడే మనల్ని లాగాలని నేదమ్మా. ఎవడో ఒకడు లాగుతాడు. ఆ నమ్మకం నేకపోతే సముద్రం మీదకి ఎవడెల్తాడు?"

మళ్లీ అల్లడం మొదలుపెట్టారు. నేను ఫోన్‌లో ఆ మాట రాసుకుని, ఆటోలో ఇంటికి వెళ్తూ దారి పొడవునా చదువుకున్నాను. మూడో ముగింపు అందులోనే ఉంది.

మూడో ముగింపు

ముందు కోడ్ మార్చాం. ధర్మం అనే ఒక్క అంకె బదులు మునిగే బోటులోని ఆరుగురికి ఆరు పేర్లు, ఆరు ఫ్లాగులు, అంటే ఏం జరిగిందో కోడ్‌లో రాసుకునే గుర్తులు. ఎవరు బతికారు, ఎవరు ఎక్కడున్నారు అన్నదే ఆట గుర్తుపెట్టుకుంటుంది. నువ్వు మంచివాడివా కాదా అన్నది ఎక్కడా రాసుకోదు. కథని రెండు దారులుగా చీల్చలేదు. సీన్లు అవే. ఒక్కో సీనులో మనుషులు మారతారు, కొన్ని వాక్యాలు మారతాయి. చిన్న టీముకి ఇది మీటరంత చవక కాదు గాని, మొయ్యగలిగే బరువే.

తాడు కోసినవాళ్లకి అప్పు అలాగే ఉంటుంది. షావుకారు మారడు. అయితే ఆ వాయుగుండం రోజు, పైకి లాగిన ఆరుగురిలో చిన్నవాడు మంచినీళ్లు అడుగుతాడు. తాగుతూ తాగుతూ వణుకుతున్న చేత్తో క్యాను కింద పడేస్తాడు. నిషేధం రోజుల్లో ఒక పొద్దున ఆటగాడు జెట్టీ మీదకి వెళ్తే, ఆ కుర్రాడు కొత్త వల ఒక కొస పట్టుకుని అల్లుతూ ఉంటాడు. ఎందుకొచ్చాడో చెప్పడు. థాంక్స్ అనే మాట నేను రాసి కొట్టేశాను. రెండు మూడు రోజులు వస్తాడు, తర్వాత వేరే బోటులో పని దొరికి వెళ్లిపోతాడు.

కొయ్యనివాళ్ల దగ్గరే నాకు ఎక్కువ టైం పట్టింది. మొదటి వెర్షన్‌లో వాళ్లని ముంచేశాం. అది అన్యాయం. వల లాగుతున్నవాడు రాక్షసుడు కాదు, అప్పులో ఉన్న మనిషి. అతనూ వెళ్తాడు, గంటన్నర ఆలస్యంగా. క్యాన్లు పట్టుకుని తేలుతున్న నలుగురు దొరుకుతారు. ఇద్దరు దొరకరు. ఆ ఇద్దరిలో చిన్నవాడు ఒకడు. వల మిగిలింది కాబట్టి వేట సాగుతుంది, అప్పు తీరుతుంది, కూతురి ఫీజు కడతాడు. ఆ సుఖం నిజమైన సుఖమే, దాన్ని ఎక్కడా చెడగొట్టలేదు.

కాకపోతే హార్బర్‌లో చేపల వేలంపాట అయ్యాక చేపలు గంపల్లోకి ఎత్తుకునే ఆడవాళ్ల వరసలో ఆ చిన్నవాడి తల్లి ఉంటుంది. ఆమె పక్కనుంచే వెళ్లాలి. ఒక రోజు ఆమె అడుగుతుంది: "ఆ పొద్దు మీ బోటు ఎంత దూరంలో ఉందయ్యా?"

నాలుగు జవాబులు ఇచ్చాం. నిజం చెప్పొచ్చు. అబద్ధం చెప్పొచ్చు. మాట మార్చి చేపల ధర అడగొచ్చు. ఏమీ అనకుండా నడిచిపోవచ్చు. "ఇక్కడ ఫ్లాగ్ ఏది?" అని కోడర్ అడిగాడు. లేదన్నాను. "మరి దేనికి? ఏది నొక్కినా ఏమీ మారదు కదా." మారదు. ఆమె తల ఊపి గంప ఎత్తుకుని వెళ్లిపోతుంది, ఏం చెప్పినా అంతే. ఆ జవాబు ఆటకోసం అడిగింది కాదు. దీని మీద మేమిద్దరం వారం రోజులు వాదించుకున్నాం. ఏ ఫలితమూ లేని ఎంపిక ఇవ్వడం ఆటగాడిని అవమానించడమే అని అతని పట్టు. మామూలుగా నేనూ అదే అంటాను. ఇక్కడ మాత్రం ఫలితం స్క్రీన్ బయట ఉందని నా నమ్మకం. టెస్టులో ఆ టీచరుగారు ఆ నాలుగు వాక్యాల ముందు చాలాసేపు ఆగారు. ఫోన్ లైటు ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకున్నారు. ఏది నొక్కారో చూడాలనిపించినా చూడలేదు.

తాడు కోసిన ఆటగాడికి కూడా ఆ తల్లి అదే వరసలో కనబడుతుంది. అతన్ని ఏమీ అడగదు. చేపలకి మామూలు ధరే చెబుతుంది. ధర తగ్గించి చెబితే బాగుంటుందని బొమ్మలేసే అమ్మాయి అంది. ఒక్క రూపాయి తగ్గించినా అది మళ్లీ పేమెంటే అని నేను ఒప్పుకోలేదు.

ఆఖరి సీను ఇద్దరికీ ఒక్కటే. వేట మళ్లీ మొదలైన కొద్ది వారాలకి, తీరానికి చాలా దూరంలో ఆటగాడి బోటు ఇంజను ఆగిపోతుంది. పిలుస్తాడు. కాకినాడ వైపు బోటు ఒకటి వస్తుంది. తెలిసినవాళ్లు కాదు, ఇంతకుముందు కథలో ఎక్కడా లేరు. నువ్వు ఆ రోజు తాడు కోసినా కొయ్యకపోయినా వాళ్లు వస్తారు. లంగరు తాడు విసురుతారు. దగ్గరికొచ్చాక ఆ బోటు వెనకభాగం కనబడుతుంది. అక్కడ కోసేసిన వల తాడు కొస, ఇంకా తడిగా వేలాడుతూ ఉంటుంది. ఆట దాని గురించి ఒక్క మాట అనదు. బొమ్మలో ఉంటుంది, అంతే. ఆ తాడు కొసని మా అమ్మాయి నాలుగుసార్లు గీసింది, పీచు విడిపోయినట్టు కనబడాలని.

కోసినవాడికీ కొయ్యనివాడికీ ఒకే ముగింపు ఇస్తే ఆటగాడి నిర్ణయానికి విలువేముంది అని అడగొచ్చు. సీను ఒకటే గాని, తాడు అందుకునే చెయ్యి ఒకటి కాదు. కోసినవాళ్లలో కొందరు ఆ బొమ్మ చూసి ఊపిరి వదిలారు. కొయ్యనివాళ్లలో ఒకాయన తాడు పట్టుకునే బటన్ నొక్కడానికి తటపటాయించారు. బతికించే తాడును అందుకోవడానికి ఆలోచించే మనిషిని నేను ఏ ఆటలోనూ చూడలేదు.

అందరికీ నచ్చిందని చెప్పను. ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసే నర్సు ఒకరు మూడు వెర్షన్లూ ఆడారు. ఆమెకి మొదటిదే ఇష్టం. "నేను రోజూ చేసేదానికి ఎవరూ దండ వెయ్యరు. ఆటలో అయినా వెయ్యకూడదా?" అన్నారు. ఈ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. బయట దొరకని న్యాయం కోసం ఆటకి వచ్చే మనిషిని, ఇక్కడా దొరకదు పొమ్మనే హక్కు నాకుందా? ఆమె కోసం, సరంగు భార్య రాత్రి అన్నం వడ్డిస్తూ ఆ రోజు సంగతి మొత్తం చెప్పించుకునే ఒక చిన్న సీను చేర్చాను. ఎవరో ఒకరు పూర్తిగా వినడం కూడా ఒక రకంగా దండే అనిపించింది. ఆమె ఆడి చూసి, "బాగుంది గాని, దండ ఉంటే ఇంకా బాగుండేది" అన్నారు. ఆ అభిప్రాయం మా టెస్టు నోట్సులో అలాగే రాసి ఉంచాం.

ఇంజనీరింగ్ కుర్రాడు సెమిస్టర్ పరీక్షలు అయ్యాక మళ్లీ వచ్చాడు. ఈసారి పైమూల అంకె లేదు. వైర్‌లెస్‌లో సరంగు గొంతు వచ్చినప్పుడు అలవాటుగా పైమూలకి చూశాడు, ఏమీ కనబడలేదు. కాసేపు ఆగి "వల లాగు" నొక్కాడు. నేనేమీ అనలేదు. ఆ తల్లి దగ్గర మాట మార్చాడు. అప్పు తీరినప్పుడు కాస్త నవ్వాడు. ఆఖరి సీనులో కాకినాడ బోటు వచ్చింది, తాడు విసిరారు, అందుకున్నాడు. తర్వాత స్క్రీన్ మీద రెండు వేళ్లు పెట్టి బొమ్మని పెద్దది చేసి, ఆ బోటు వెనకభాగం చూస్తూ ఉండిపోయాడు.

"అక్కా," అన్నాడు ఫోన్ మీంచి తలెత్తకుండానే, "వాళ్ల వల ఎంత ఉంటుంది?"